హైదరాబాదు ఫార్ములా-ఇ పందెం: సాంకేతిక నియమాలు, వ్యయ నియంత్రణ

హైదరాబాదు ఫార్ములా-ఇ పందెం 2023 ఫిబ్రవరి 11 శనివారం నాడు హైదరాబాదు నగరంలో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన విద్యుత్ కార్ల పందెం. ఫార్ములా-ఇ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ భారతదేశంలో జరగడం అదే మొదటిసారి. 2022-23 పోటీల క్రమంలో ఇది నాలుగవది. ఎన్టీఆర్ గార్డెన్స్, సచివాలయం, లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు పరిసరాలలోని సాధారణ రహదారులనే కొద్దిరోజులపాటు మూసివేసి, 18 మలుపులతో సుమారు 2.83 కిలోమీటర్ల పందెపు బాటను ఏర్పాటు చేసినారు. 11 జట్లకు చెందిన 22 కార్లు ఇందులో పాల్గొన్నవి. విజేత ఫ్రాన్సు దేశీయుడైన జాన్-ఎరిక్ వెర్న్. రెండవ స్థానం న్యూజిలాండుకు చెందిన నిక్ కాసిడీది. మూడవ స్థానం మాత్రం గమ్యరేఖ దాటిన తరువాత చేతులు మారినది.

ఈ వ్యాసం పందెపు ఫలితాలను గురించి కాక, ఆ మూడవ స్థానం చేతులు మారుటకు కారణమైన సాంకేతిక నియమాలను గురించి, అవి అమలగు విధానమును గురించి, వాటికి జట్ల ఖర్చుతో గల సంబంధమును గురించి వివరించును. ఇట్టి నియమాలకు పుట్టినిల్లు అనదగినది అమెరికాలోని స్టాక్ కార్ల పందేలు గనుక, వాటి చరిత్ర కూడ ఇందులో చేర్చబడినది.

మూడవ స్థానం ఎవరిది?

పందెం 33 చుట్లు సాగినది. అనగా కార్లు సుమారు 93 కిలోమీటర్ల దూరం పరుగెత్తినవి. ఎన్విజన్ జట్టుకు చెందిన స్విట్జర్లాండు చోదకుడు సెబాస్టియన్ బుయెమి మూడవవాడుగా గమ్యం చేరినాడు. ఆ తరువాత అతని కారు అనుమతించిన దానికంటె ఎక్కువ విద్యుత్ సామర్థ్యమును వాడుకొన్నదని నిర్ణేతలు తేల్చి, అతని కాలమునకు 17 సెకండ్లు కలిపినారు. వీధి బాటపై కార్లు ఒకదాని వెంట ఒకటి దగ్గరగా వచ్చుట వలన ఆ 17 సెకండ్లు అతనిని ఏకంగా 15వ స్థానమునకు దింపివేసినవి. పోర్షె జట్టుకు చెందిన పోర్చుగల్ దేశీయుడు ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు మూడవ స్థానం దక్కినది. మూడవ స్థానమునకు 15 పాయింట్లు, 15వ స్థానమునకు సున్న. కావున బుయెమి పోగొట్టుకొన్నది ఒక బహుమతిని మాత్రమే కాదు.

ఇక్కడ "ఎక్కువ సామర్థ్యం" అంటే ఏమిటో తెలియవలెను. ఆ సంవత్సరం ప్రవేశపెట్టిన మూడవ తరం కారు గరిష్ఠంగా 350 కిలోవాట్ల సామర్థ్యం ఇవ్వగలదు. కాని పందెం జరుగుచున్నప్పుడు సాధారణంగా 300 కిలోవాట్లకు మించి వాడరాదు. బాటపై నిర్దేశించిన ఒక చోటికి, అనగా మామూలు దారికి కొంత ఎడంగా, వెళ్ళి వచ్చిన కారుకు మాత్రం కొన్ని నిమిషాలపాటు 350 కిలోవాట్లు వాడుకొను అవకాశం లభించును. దీనికి 'అటాక్ మోడ్' అని పేరు. 300 కిలోవాట్లు అంటే రమారమి 402 అశ్వశక్తి, 350 అంటే 470. కారు లోపల అధిక శక్తి సిద్ధంగానే ఉన్నది. దానిని వాడకుండ ఆపుచున్నది యంత్రభాగం కాదు, నియమం. ఆ నియమమును పాటించవలసినది జట్టు వ్రాసుకొన్న కంప్యూటరు ప్రోగ్రాము. ఎగుడుదిగుడు రోడ్డుపై చక్రం క్షణకాలం పట్టు వదలి మరల పట్టుకొన్నప్పుడు విద్యుత్ వాడకం ఒక్కసారిగా ఎగబ్రాకవచ్చును. కనుక జట్లు హద్దుకు కొంచెం దిగువన ఉండవలెను. హద్దుకు ఎంత దగ్గరగా నిలిచిన అంత లాభం, అంత ప్రమాదం. ఒక శాతం హెచ్చు అంటే 3 కిలోవాట్లు, అనగా 4 అశ్వశక్తులు. మన ఊళ్ళలోని వ్యవసాయ బావిపై ఉండు మోటారు పాటి శక్తి. అయినను సమాన యంత్రాల మధ్య జరుగు పోటీలో ఆ మాత్రము చాలును.

ఎక్కువ సామర్థ్యం వాడుట తప్పుగా ఎందుకు పరిగణింపబడవలెననగా, ఈ పందెములో చోదకుని నైపుణ్యమంతయు పొదుపులోనే ఉన్నది. బ్యాటరీలో అందరికిచ్చు శక్తి సమానం. దానిని ఎక్కడ ఖర్చు చేయవలెను, బ్రేకు వేసినప్పుడు ఎంత తిరిగి రాబట్టవలెను అనునదియే ఆట. ఈ కారులో ముందు మోటారు 250, వెనుక మోటారు 350, మొత్తం 600 కిలోవాట్ల వరకు శక్తిని బ్రేకు సమయంలో తిరిగి బ్యాటరీలోనికి పంపగలవు. వెనుక చక్రాలకు మామూలు ద్రవపు బ్రేకులు అసలే లేవు. వెర్న్ ఆ రోజు గెలిచినది కూడ ఈ విద్యతోనే. చివరి చుట్లలో తన వెనుక తరుముచున్న కాసిడీ కన్న తక్కువ శక్తి మిగిలియున్నప్పటికీ అతడు దారి ఇవ్వక అర సెకండులోపు తేడాతో ముందు నిలిచినాడు.

పరీక్ష అనునది కొత్త సంగతి కాదు

జోగులాంబ గద్వాల జిల్లాలోని మల్దకల్‌లో తిమ్మప్ప స్వామి జాతర సందర్భముగా జరుగు ఎద్దుల బండలాగుడు పోటీలను చూచినవారికి పై విషయం వింతగా తోచదు. అక్కడ జతలను రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేయుదురు. బరిలోనికి దింపుటకు ముందు ఎద్దు నోరు తెరచి పళ్ళు లెక్కించుదురు. పళ్ళను బట్టి వయస్సు, వయస్సును బట్టి బలం. విభాగమునకు తగిన బండ, నిర్ణీత కాలం, లాగిన దూరం అడుగులలో కొలత. ఎద్దు యజమాని మాట మీద ఎవరును వయస్సును నమ్మరు, నోరు చూడవలసినదే. కారు పందేలలో తనిఖీ అధికారి చేయు పని కూడ ఇంతకంటె భిన్నమైనది కాదు. అతడు చూచు పళ్ళు వేరు.

ఒక్క భేదం మాత్రం చెప్పవలెను. ఎద్దును ఎంత ఖరీదు పెట్టి కొన్నారు, ఎంత దాణా పెట్టి మేపినారు అనునది బండలాగుడులో ఎవరును అడుగరు. కారు పందేలలో ఇప్పుడు దానిని కూడ అడుగుచున్నారు.

స్టాక్ కార్ల నుండి వచ్చిన పాఠం

'స్టాక్ కారు' అనగా దుకాణంలో ఎవరైనను కొనుక్కొనగల మామూలు కారు అని అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మద్య నిషేధ కాలం నుండి దొంగసారా చేరవేయువారు పోలీసులకు చిక్కకుండుటకు తమ కార్లకు చిన్న చిన్న మార్పులు చేసి వేగం పెంచుకొనేవారు. వారిలో వారికి ఏర్పడిన పందేలే క్రమంగా క్రీడ అయినవి. 1948లో బిల్ ఫ్రాన్స్ నాయకత్వమున నాస్కార్ అను సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ 1949 జూన్ 19న షార్లెట్ పట్టణములో మట్టి బాటపై 'మార్పులు లేని కార్ల' పందెం మొదటిసారి నిర్వహించినది.

ఆ మొదటి పందెంలోనే మొదటి అనర్హత వేటు పడినది. గ్లెన్ డనవే అను చోదకుడు 1947 నాటి ఫోర్డు కారుతో అందరికంటె ముందు గమ్యం చేరినాడు. తనిఖీలో ఆ కారు వెనుక స్ప్రింగులు మార్చబడియున్నట్లు బయటపడినది. సారా బరువునకు కారు వెనుకభాగం క్రుంగకుండ దొంగసారా వ్యాపారులు చేయించుకొను మార్పు అది. పందెములో మలుపుల వద్ద కూడ అది కారును నిలకడగా ఉంచును. డనవేను తొలగించి, లింకన్ కారులో రెండవవాడుగా వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించినారు. కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్ పదివేల డాలర్లకు దావా వేయగా న్యాయస్థానం కొట్టివేసినది. నియమాలు పెట్టు అధికారం, పరీక్షించు అధికారం నిర్వాహకునికి ఉన్నదని దీనితో స్థిరపడినది. ఆ దావా ఫలితం వేరొక విధముగా ఉన్నచో ఈ క్రీడ ఏమయ్యెడిదో ఊహించుట కష్టం కాదు.

అయితే నియమం వ్రాసినంత మాత్రాన సరిపోదు. ఏది వ్రాయలేదో దానిని వెదకువారు పుట్టుదురు. అట్టివారిలో ప్రసిద్ధుడు స్మోకీ యూనిక్. ఇంధనపు తొట్టి ఎంత ఉండవలెనో నియమంలో ఉన్నది గాని, తొట్టి నుండి ఇంజనుకు పోవు గొట్టం ఎంత లావుండవలెనో లేదని గమనించి, 11 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు గల గొట్టం అమర్చినాడని చెప్పుకొందురు. ఆ గొట్టంలో 5 గ్యాలన్లు పట్టేదని కూడ కథలో చేర్చుదురు. లెక్క వేసి చూచిన అది నిలువదు. 2 అంగుళాల వ్యాసం, 132 అంగుళాల పొడవు గల గొట్టపు ఘనపరిమాణం సుమారు 415 ఘనపుటంగుళాలు, అనగా 6.8 లీటర్లు. 5 అమెరికా గ్యాలన్లు సుమారు 19 లీటర్లు. కథ పెరిగినదే గాని గొట్టం పెరుగలేదు. ఏమైనను ఆ 6.8 లీటర్లు కూడ కొన్ని చుట్లకు సరిపోవును. నియమాల పుస్తకం ఏటేటా ఎందుకు లావెక్కునో ఈ ఉదాహరణ చెప్పును.

కొన్ని నియమాలు మోసమును ఆపుటకు కాక ప్రాణాలను కాపాడుటకు పుట్టినవి. 1987లో టాలడెగా బాటపై బిల్ ఎలియట్ గంటకు 212.809 మైళ్ళ, అనగా 342 కిలోమీటర్లకు పైబడిన వేగముతో అర్హత పరుగు తీసినాడు. అదే పోటీలో బాబీ ఆలిసన్ కారు గాలిలోనికి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చినది. 1988 నుండి డేటోనా, టాలడెగా బాటలపై ఇంజనులోనికి పోవు గాలిని తగ్గించు రంధ్రాల పలకలు తప్పనిసరి అయినవి. ఫార్ములా-ఇ లోని 300 కిలోవాట్ల హద్దు ఆ పలకకు విద్యుత్ రూపం అనవచ్చును.

తనిఖీ మూడు దశలు

పందెమునకు ముందు జరుగు తనిఖీలో కారు బరువు, కొలతలు, భద్రతా పరికరాలు, ముద్రలు చూచెదరు. స్టాక్ కార్లలో పూర్వం లోహపు అచ్చులను కారుపై ఆనించి ఆకారం సరిపోవుచున్నదో లేదో చూచేవారు. అచ్చు ఆనని చోటనే యుక్తులు దాగియుండేవి. 2018లో నాస్కార్ కెమెరాలు, కాంతి ప్రసరణ యంత్రాలతో కారు ఉపరితలమంతటిని ఒకేసారి కొలుచు పద్ధతిని ప్రవేశపెట్టినది.

పందెం జరుగుచుండగా చేయు తనిఖీ విద్యుత్ కార్ల రాకతో బాగుగా పెరిగినది. కారులోని సెన్సర్లు ఎంత శక్తి వాడినదీ క్షణక్షణం నమోదు చేయుచుండును. ఆ లెక్కను అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అనగా ఎఫ్.ఐ.ఏ., అధికారులు చూచెదరు. బుయెమి విషయంలో కారును విప్పి చూడవలసిన అవసరం లేకుండనే తీర్పు రాగలిగినది. డనవే స్ప్రింగులను కంటితో చూచి పట్టుకొన్నారు. 74 సంవత్సరాల తరువాత తప్పు కంటికి కనబడనిది, అంకెలలో మాత్రమే ఉన్నది.

మూడవది పందెం ముగిసిన తరువాత జరుగు తనిఖీ. క్రీడకు పరువు నిలుపునది, తలనొప్పి తెచ్చునది కూడ ఇదియే. నాస్కార్‌లో చాలకాలం వరకు గెలిచిన కారు తనిఖీలో తప్పినను గెలుపు రికార్డులో ఉండిపోయేది, జరిమానా, పాయింట్ల కోత మాత్రం విధించేవారు. చూచి ఇంటికి వెళ్ళిన ప్రేక్షకునికి మరునాడు వేరొకరు గెలిచినారని చెప్పరాదను ఉద్దేశం దీనికి కారణం. దాని ఫలితంగా గెలుపు చేతిలో పెట్టుకొని జరిమానా కట్టుట లాభసాటి బేరమైనది. 2019లో ఈ పద్ధతిని మార్చి, తప్పిన విజేతను అనర్హునిగా ప్రకటింపసాగినారు. 2022 జూలై 24న పొకోనో బాటపై మొదటి రెండు స్థానాలలో వచ్చిన డెనీ హామ్లిన్, కైల్ బుష్ ఇద్దరి కార్ల ముందుభాగాన అదనపు టేపు అతికించియున్నట్లు తేలగా ఇద్దరిని తొలగించి, మూడవవాడుగా వచ్చిన చేజ్ ఎలియట్‌కు గెలుపు ఇచ్చినారు. నాస్కార్ ప్రధాన పోటీలలో విజేత గెలుపు కోల్పోవుట 1960 తరువాత అదే మొదటిసారి. టేపు ముక్కకు ఇంత శిక్షయా అని అడుగువారున్నారు. కాని టేపు చిన్నదైనను అది అతికించినది గాలి ప్రవాహమును మార్చుటకే గదా.

హైదరాబాదులో మొదటి మూడు స్థానాలతో సంబంధం గలవారే తరువాతి కాలంలో ఇట్టి తీర్పుల పాలగుట గమనించదగిన విషయం. 2023 జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ పందెంలో వెర్న్ జట్టయిన డి.ఎస్. పెన్స్కే పిట్ మార్గపు ప్రవేశం వద్ద ఒక స్కానరును అమర్చి, వచ్చిపోవు అన్ని కార్ల నుండి సమాచారం గ్రహింపగల ఏర్పాటు చేసుకొన్నదని తేలినది. 25 వేల యూరోల జరిమానాతోపాటు ఆ జట్టు కార్లు రెండును పిట్ మార్గం నుండి పందెం ప్రారంభించవలసి వచ్చినది. 2024 ఏప్రిల్‌లో ఇటలీలోని మిసానో బాటపై, హైదరాబాదులో మూడవ స్థానం లభించిన డ కోస్టాయే ముందుగా గమ్యం చేరినాడు. అతని కారు తొక్కుడు మీటలో వాడిన ఒక స్ప్రింగు ఆమోదించిన విడిభాగాల జాబితాలో లేదని గెలుపు తీసివేసి, నిసాన్ జట్టుకు చెందిన ఆలివర్ రోలాండ్‌కు ఇచ్చినారు. ఆ స్ప్రింగు వలన కారు వేగం పెరిగినదా లేదా అను ప్రశ్నకు తావే లేదు. జాబితాలో ఉన్నదా లేదా అనునదే ప్రశ్న. ఇంత కఠినత్వం ఎందుకో తెలియవలెనన్న ఖర్చు సంగతికి రావలెను.

ఒకే అంగడి సరుకు

పందెపు కార్లలో ఖర్చు పెరుగు తీరు విచిత్రంగా ఉండును. ఒక జట్టు కోటి రూపాయలు ఖర్చు చేసి పదవ వంతు సెకండు ఆదా చేసినచో, మిగిలిన జట్లన్నియు అంతే ఖర్చు చేసి ఆ పదవ వంతును తిరిగి తెచ్చుకొనవలెను. చివరకు అందరు మొదట ఉన్న చోటనే ఉందురు, కోట్లు మాత్రం పోవును. ఏ జట్టూ తనంత తానుగా ఆగలేదు. ఆగిన జట్టు ఓడిపోవును. కనుక ఆపవలసినది నియమమే.

దీనికి సులువైన ఉపాయం కారును, లేక కారులో పెద్ద భాగమును, ఒకే చోట చేయించి అందరికి అమ్ముట. ఫార్ములా-ఇ మూడవ తరం కారు చట్రం స్పార్క్ సంస్థది, బ్యాటరీ విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజనీరింగ్ సంస్థది, టైర్లు హాంకూక్ సంస్థవి. ఏ జట్టైనను వీటిని కొనుక్కొనవలసినదే, మార్చరాదు. తయారీదారులు తమ స్వంత విద్య చూపవలసినది వెనుక మోటారు, దానికి సంబంధించిన ఇన్వర్టరు, గేరుపెట్టె, కంప్యూటరు ప్రోగ్రాములలో మాత్రమే. ఇప్పుడు మిసానోలోని స్ప్రింగు సంగతి అర్థమగును. ఉమ్మడి భాగాలలో ఒక్క స్ప్రింగును మార్చనిచ్చినచో, మరుసటి వారం వంద స్ప్రింగులను పరీక్షించి మంచిదానిని ఎన్నుకొను జట్టు బయలుదేరును. దాని వెనుక మిగిలిన జట్లు. జాబితా అనునది తూకపురాయి మాత్రమే కాదు, డబ్బు సంచికి బిగించిన త్రాడు కూడ.

స్టాక్ కార్లలో కూడ 2022లో ఇదే మార్గం పట్టినారు. అంతవరకు పెద్ద జట్లు తమ చట్రాలను, పైకప్పులను తామే తయారు చేసుకొనేవి. ఒక్కొక్క రకపు బాటకు ఒక్కొక్క కారు చొప్పున షెడ్డు నిండ కార్లు ఉండేవి. 'నెక్స్ట్ జెన్' అను కొత్త కారులో ముఖ్యభాగాలన్నియు నియమిత సరఫరాదారుల నుండి మాత్రమే కొనవలెను, ఒక్కొక్క కారు సంఖ్యకు ఏడు చట్రాలకు మించి ఉంచుకొనరాదు. ఉమ్మడి భాగమును సవరించినచో శిక్ష కఠినం. 2022 మార్చిలో బ్రాడ్ కెసెలోస్కీకి నూరు పాయింట్ల కోత, అతని జట్టునకు లక్ష డాలర్ల జరిమానా, జట్టు సాంకేతిక నాయకునికి నాలుగు పందేల నిషేధం విధించబడినవి. 2023లో హెండ్రిక్ జట్టునకు కూడ ఇట్టి శిక్షయే పడినది, కాని అప్పీలులో పాయింట్ల కోత రద్దయినది. సరఫరా చేసిన భాగమే సరిగ్గా అమరనప్పుడు అరగదీసి అమర్చుట మరమ్మతా, మోసమా అను చర్చ అప్పుడు బాగుగా జరిగినది. ఒకే అంగడి సరుకు అన్న విధానంలోని లోపం ఇక్కడే ఉన్నది. అంగడివాడు పంపినది వంకరగా ఉన్నను కొనినవాడు దానిని ముట్టుకొనరాదు.

ఈ విధానమునకు దక్షిణ భారతదేశంలోనే ఒక పూర్వ ఉదాహరణ కలదు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివరలో మారుతి 800 కారు ఇంజనుతో చిన్న ఒంటి సీటు పందెపు కారును రూపొందించినాడు. ఫార్ములా మారుతి అను పేరు గల ఆ కార్లు విదేశీ పందెపు కార్లను దిగుమతి చేసుకొను స్తోమత లేని యువకులకు దారి చూపినవి. ఇంజను విడిభాగం ఏ పట్టణంలోనైనను దొరకును, మరమ్మతు చేయువాడు ప్రతి వీధిలో ఉన్నాడు. ఖర్చు తగ్గుటకు ఇంతకు మించిన నియమం వేరే అక్కరలేదు. నరేన్ కార్తికేయన్ తన ప్రస్థానమును ఈ కార్లతోనే ప్రారంభించి ఫార్ములా-1 వరకు పోయినాడు. 2010లో అతడు నాస్కార్ వారి ట్రక్కు పందేలలో కూడ పాల్గొన్నాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించినాడు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే అతని పేరు మీద ఏర్పడినది.

హుస్సేన్ సాగర్ బాటపై ఫార్ములా-ఇ కన్న ముందు, 2022 నవంబరు, డిసెంబరు మాసాలలో ఏర్పాటు చేసిన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో కూడ జట్లన్నిటికి వుల్ఫ్ సంస్థ చేసిన ఒకే రకపు కార్లు ఇచ్చినారు. నవంబరులో ప్రమాదాలు, జాప్యముల వలన పోటీ పూర్తిగా జరుగలేదు. డిసెంబరులో మరల నిర్వహించినారు. హైదరాబాదు బ్లాక్‌బర్డ్స్ ఇందులోని ఒక జట్టు. తరువాత దీనిని సినీ నటుడు నాగచైతన్య కొనుగోలు చేసినాడు.

ఖాతా పుస్తకముల తనిఖీ

ఒకే రకపు భాగాలు ఇచ్చినను డబ్బున్న జట్టు ఆగదు. ఎక్కువమంది ఇంజనీర్లను పెట్టుకొనును, కంప్యూటరు నమూనాలపై ఎక్కువ గంటలు పనిచేయించును. అందుచేత రెండవ ఉపాయం మొత్తం ఖర్చుకే హద్దు పెట్టుట. ఫార్ములా-ఇ లో ఇది 2022 అక్టోబరు నుండి, అనగా హైదరాబాదు పందెం జరిగిన ఆ సంవత్సరమే మొదలైనది. మొదటి రెండు సంవత్సరాలకు ఒక్కొక్క జట్టు ఏడాదికి 130 లక్షల యూరోలకు మించి ఖర్చు చేయరాదు. అప్పటి మారకపు విలువలో ఇది సుమారు 115 కోట్ల రూపాయలు. మూడవ సంవత్సరం నుండి హద్దు 150 లక్షల యూరోలు. యంత్రాలు తయారు చేయు సంస్థలకు రెండేళ్ళకు కలిపి 250 లక్షల యూరోలు. భారతదేశపు జట్టయిన మహీంద్రా వంటి వాటికి దీని ప్రాముఖ్యం హెచ్చు. ఎందుకనగా పోటీలో ఎదురుగా ఉన్నవి పోర్షె, జాగ్వార్, నిసాన్ వంటి సంస్థలు.

ఇక్కడ తనిఖీ అధికారి చేతిలో స్కేలుకు బదులు ఖాతా పుస్తకం ఉండును. ఏది పందెపు ఖర్చు, ఏది కాదు అని తేల్చుట స్ప్రింగును కొలుచుట వంటిది కాదు. దీనికి మంచి ఉదాహరణ ఫార్ములా-1 నుండి వచ్చినది. అక్కడ 2021లో 1450 లక్షల డాలర్ల మూల పరిమితితో హద్దు అమలులోనికి వచ్చినది. మొదటి సంవత్సరమే రెడ్ బుల్ జట్టు సుమారు 18.6 లక్షల పౌండ్లు దాటినట్లు తేలినది. తేలినది మాత్రం 2022 అక్టోబరులో! 70 లక్షల డాలర్ల జరిమానా, గాలి సొరంగ పరీక్షలలో పది శాతం కోత విధించినారు గాని 2021 ఛాంపియన్‌షిప్ ఫలితం మారలేదు. అధిక సామర్థ్యం వాడిన కారుకు అదే సాయంత్రం 17 సెకండ్లు, అధిక ధనం వాడిన జట్టుకు ఏడాది తరువాత జరిమానా. రెండు తప్పులకు రెండు రకాల కాలం. ఖాతాల తనిఖీ ఎంత నిజాయితీగా చేసినను ఈ ఆలస్యం దానిలోనే ఉన్నది. ఆ మేరకు అది బలహీనమైన నియమమే.

పొదుపు ఎక్కువైనచో ఏమగునను ప్రశ్న కూడ ఉన్నది. హైదరాబాదు పందెం జరిగిన రెండు వారాలకు, 2023 ఫిబ్రవరి 25న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పందెం జరుగగా, మహీంద్రా జట్టు, మహీంద్రా యంత్రాలనే వాడుచున్న ఆప్ట్ కుప్రా జట్టు తమ కార్ల వెనుక సస్పెన్షన్ భద్రతపై అనుమానం కలిగి పోటీ నుండి తప్పుకొన్నవి. పందెంలో నిలిచి పాయింట్లు సంపాదించుకొనుటకంటె చోదకుల క్షేమమే ముఖ్యమని ఎంచిన ఆ నిర్ణయం మెచ్చదగినది.

ఇంతకు ఎన్విజన్ జట్టు హైదరాబాదులో 15 పాయింట్లు పోగొట్టుకొన్నను, ఆ సంవత్సరపు జట్ల ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకొన్నది.

నగరం పెట్టిన ఖర్చు

జట్ల ఖర్చుకు హద్దు ఉన్నది గాని, పందెం జరుపు నగరం ఖర్చుకు ఈ నియమాలలో హద్దు లేదు. వీధి బాటకు రోడ్లు మరల వేయించుట, కంచెలు, ప్రేక్షకుల ఆసనాలు, వాహనాల దారి మళ్ళింపు మొదలగునవి ఆతిథ్య ఒప్పందమును బట్టి ప్రభుత్వముపైన, స్థానిక నిర్వాహకులపైన పడును. 2023 పందెం వలన నగరమునకు సుమారు 840 లక్షల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగినదని నీల్సన్ సంస్థ అంచనా వేసినట్లు ఫార్ములా-ఇ నిర్వాహకులు ప్రకటించినారు. ఇట్టి అంచనాలలో హోటళ్ళ ఆదాయం మొదలు టెలివిజను ప్రచారపు విలువ వరకు అనేకం కలిసియుండును. ఖజానాకు వచ్చిన సొమ్ముతో దీనిని సమానముగా చూడరాదు. మరియొక వైపు, వారం పాటు నెక్లెస్ రోడ్డు మూసివేతతో ఇబ్బంది పడిన వారి నష్టమును ఎవరును లెక్క కట్టలేదు.

రెండవ పందెం 2024 ఫిబ్రవరి 10న జరుగవలసియుండెను. దీని కొరకు 2023 అక్టోబరు 30న ఒప్పందం కుదిరినది. డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారినది. 2024 జనవరి 5న ఫార్ములా-ఇ నిర్వాహకులు, పురపాలక శాఖ ఒప్పందమును నెరవేర్చబోదని తెలిసినందున పందెమును రద్దు చేయుచున్నట్లు ప్రకటించినారు. రెండవ పందెం నిమిత్తం నిర్వాహకులకు చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల విషయంలో తగిన అనుమతులు లేవను ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో కేసు నమోదు చేసినది. ఆరోపణలకు గురైన నాటి పురపాలక శాఖ మంత్రి వాటిని ఖండించినారు. కేసు కొట్టివేయవలెనని ఆయన వేసిన అభ్యర్థనను 2025 జనవరి 7న తెలంగాణ హైకోర్టు తిరస్కరించినది.